ఖాళీ కంచం ముందు ఇద్దరు ముసలమ్మలు

మా అమ్మ చేతిలో గరిటె ఉండగా ఆమెతో వాదించి గెలిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పెండ్లిళ్లలో మా బంధువులు ఆమె వడ్డించే వరుసను తప్పించుకుని అవతలి బంతిలో కూచునేవాళ్లు. షుగరున్న మా మేనమామ ముందుజాగ్రత్తగా ఇంట్లో తిని వచ్చేవాడు, వచ్చాక మళ్లీ తినేవాడు. చాలని ఒకసారి అంటే అది మర్యాద. రెండోసారి అంటే మొహమాటం. మూడోసారి కూడా అన్నారంటే కూర నచ్చలేదన్నమాట, కాబట్టి ఇంకో కూర వేసేది. అవతలి మనిషికి నిజంగానే కడుపు నిండిందేమో అన్న అనుమానానికి ఆమె లెక్కలో చోటే లేదు.

అలాంటి మా అమ్మకు సరిజోడు, కంచంలో ఒక్క మెతుకు కూడా మిగల్చలేని మనిషి, మా మేడమీది వాటాలోకే కిరాయికి వచ్చింది.

పటాన్‌చెరులో మాదొక చిన్న డాబా ఇల్లు. కింద నేనూ అమ్మా ఉంటాం. మీది వాటాలో ఒక ఏడాది ఉండటానికి జొన్నల మీద పరిశోధన చేసే విదేశీ శాస్త్రవేత్త ఒకామె వచ్చింది. ఆమెకు యాభై దాటాయి. వెంట తొంభైకి దగ్గరపడిన తల్లిని తెచ్చుకుంది. సామాను దించిన రోజే శాస్త్రవేత్త నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది. వాళ్లు యూదులట. తల్లి పోలండులో పుట్టింది. నాజీలు యూదులందరినీ ఒక బస్తీలోకి తోలి, చుట్టూ గోడ కట్టి, లోపల ఆకలితో చంపుతున్న రోజుల్లో ఆమె చిన్నపిల్ల. ఇంట్లో పదకొండుమందిలో ఆమె ఒక్కతే మిగిలింది. మిగతావాళ్లలో కొందరు ఆ గోడ లోపలే పోయారు, కొందరిని రైళ్లలో ఎక్కించి తీసుకుపోయి చంపారు. "ఆ సంగతులు మా అమ్మ మాట్లాడదు. నాక్కూడా ఇంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. దయచేసి మీరు కూడా అడగకండి" అంది.

నాకు తెలిసిందల్లా బడి పుస్తకంలో చదివిన అర పేజీ. ఆ అర పేజీలో మనుషులు అంకెల్లో ఉన్నారు. ఇప్పుడు అందులోంచి ఒక మనిషి చేతికర్ర పట్టుకుని మా మెట్లెక్కుతుంటే ఎటు చూడాలో తోచలేదు. లోపలికి పోయి అమ్మకు చెప్పాను.

"పిల్లలను గూడనా?" అంది.

"పిల్లలను గూడ."

అమ్మ వంటింట్లోకి పోయి జొన్నపిండి డబ్బా మూత తీసింది. ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో నేరం సగం నాదే. నేను గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లు కాగితాల విభాగంలో పనిచేశాను. బయటి దేశాల నుంచి తనిఖీకి వచ్చేవాళ్లకు మావాళ్ల మాటలు ఇంగ్లీషులో చెప్పడం కూడా నా పనే. "ఆ మిషన్ సచ్చి మూడు దినాలైంది మేడం" అని ఆపరేటర్ అంటే, "ఆ యంత్రం ప్రస్తుతం నిర్వహణలో ఉంది" అని చెప్పేదాన్ని. "ఈ సారుకు ఏం తెల్వది" అంటే, "ఈయన ప్రశ్న చాలా లోతైనది" అనేదాన్ని. అబద్ధం చెప్పానని ఎవరూ అనలేరు, కానీ నిజానికి కాస్త పౌడరు పూసి పంపేదాన్ని. పని మానేసి మూడేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

మా అమ్మ ఆ ముసలామెను చూసిన మొదటి క్షణం నుంచే అక్కా అని పిలిచింది. అమ్మకు అక్క కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. "గీ అక్క గింత బక్కగున్నదేంది, బిడ్డ సరిగ్గ పెడ్తలేదా?" అని అమ్మ ఆమె ముఖం మీదే అడిగింది. "మీరు ఈ వయసులో ఎంత చురుగ్గా ఉన్నారో అంటోంది మా అమ్మ" అని నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దమ్మ సంతోషపడి, "మీ అమ్మగారు కూడా అంతే, కాకపోతే మరీ గట్టిగా మాట్లాడతారు, ఆమెకు చెవుడా?" అంది. "నీ గొంతు మంచిగున్నదట" అని అమ్మకు చెప్పాను. ఇలా వాళ్ల స్నేహం నా పౌడరు మీద మొదలై, నెల తిరక్కుండానే నాతో అవసరం లేకుండా పోయింది.

పొద్దున పదింటికి ఇద్దరూ వరండాలో కూచునేవాళ్లు. మధ్యలో చాట, చాటలో అనపకాయలు. అమ్మ తెలుగులో, పెద్దమ్మ ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ గింజలు ఒలిచేవాళ్లు. అలసిపోయినప్పుడు పెద్దమ్మ తెలియకుండానే చిన్నప్పటి భాషలోకి, అంటే యిద్దిష్‌లోకి జారిపోయేది. మా అమ్మకు ఏ తేడా తెలిసేది కాదు. "అవునక్క, నాగ్గూడ గట్లనే అనిపిస్తది" అని జవాబిచ్చేది. వీధి మొగలో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు ఆగితే దిగేవాళ్లను ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూసేవాళ్లు. ఎవరిని గురించో ఒకామె ఏదో అనేది, ఇంకొకామె నోటికి కొంగో, రుమాలో అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏమన్నదని నేనడిగితే ఇద్దరూ చెప్పేవాళ్లు కాదు.

పెద్దమ్మ శుక్రవారం సాయంత్రం రెండు కొవ్వొత్తులు వెలిగించి చేతులతో కళ్లు మూసుకుని ఏదో చదువుకునేది. అది వాళ్ల విశ్రాంతి దినం మొదలయ్యే వేళ అని నేను ఎంత చెప్పినా అమ్మ వినలేదు. "సుక్కురారం పూట దీపం వెడ్తుంది, ఇల్లు నిలవెడ్తది" అని వీధంతా చెప్పుకొచ్చింది. మాంసం తిన్నపుడు పెద్దమ్మ పాలూ పెరుగూ ముట్టదని తెలిశాక ఆమె మీద గౌరవం రెండింతలైంది. "మా ఇంట్ల గూడ అంతే. చేపల కూర తిన్నంక పాలు తాగనియ్యకపోదురు. పెద్దలు ఏడున్నా పెద్దలే" అంది. ఒక మతం గురించి ఇంత తక్కువ తెలుసుకుని ఇంత బాగా కలిసిపోయిన మనిషి ఇంకొకరు ఉండరు.

చిక్కంతా ఆదివారాల్లో వచ్చింది.

కూతురికి ఆదివారం కూడా పొలంలో పని ఉండటంతో, ఆ రోజు పెద్దమ్మ మా ఇంట్లోనే భోంచేసేది. మొదటి ఆదివారం అమ్మ రెండు జొన్నరొట్టెలు పెట్టింది. పెద్దమ్మ రెండూ తిని, కూర అంటిన అంచును చివరి ముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది. కంచం కడిగినట్టయింది. మా అమ్మ జీవితమంతా ఎదురుచూసిన అతిథి ఆమే. వెంటనే ఇంకో రొట్టె పడింది. పెద్దమ్మ దాన్ని చూసి నన్ను చూసింది. తర్వాత దాన్నీ తినేసింది. అన్నం వచ్చింది. అదీ తిన్నది. కంచం ఖాళీ అయిన ప్రతిసారి అమ్మ నింపింది, నిండిన ప్రతిసారి పెద్దమ్మ ఖాళీ చేసింది. పైగా నమలడానికి కూడా సమయం లేనట్టు గబగబా తినేది. ఆ వేగం చూసి అమ్మ, "పాపం ఎంత ఆకలిగున్నదో సూడు" అని ఇంకో గరిటె వేసేది.

పెద్దమ్మకు చాలు అనే మాట నేర్పించాను. చక్కగా పలికేది. అమ్మ మురిసిపోయి, "అబ్బ, తెలుగు ఎంత ముద్దుగ మాట్లాడ్తది" అంటూ పప్పు వేసింది.

నాలుగు నెలల్లో ఆ రెండు రొట్టెలు ఐదయ్యాయి. ఒక ఆదివారం నాటుకోడి కూర, ఐదు రొట్టెలు, మూడుసార్లు అన్నం, ఒక సర్వపిండి ముక్క లోపలికి పోయాక పెద్దమ్మ లేవబోయి లేవలేక మళ్లీ కూచుంది. ఒళ్లంతా చెమటలు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఏం తిన్నారని డాక్టరు అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మూడోసారి అన్నం దాకా రాసుకుని ఆయన కలం పక్కన పెట్టేశాడు. "ఇంత తిన్నది ఈమేనా?" అని మంచం మీదున్న నలభై కిలోల మనిషిని చూపించాడు. గుండె కొంచెం బలహీనంగా ఉందని, మళ్లీ ఇలాంటి భోజనం చేస్తే ప్రమాదమని చెప్పి పంపించాడు.

కూతురు పొలం నుంచి మట్టి బూట్లతో నేరుగా ఆసుపత్రికి వచ్చింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "వచ్చే ఆదివారం నేను కూడా భోజనానికి వస్తాను. మళ్లీ ఇలాగే జరిగితే, క్షమించండి, మా అమ్మ ఇక కిందికి రాదు" అంది. ఈసారి నేను పౌడరు పూయలేదు. అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆ వారమంతా పెద్దమ్మను మేడమీదే పడుకోబెట్టారు. అమ్మ పదింటికి వరండాలో చాట ముందు కూచుంది కానీ ఒక్క కాయ ఒలవలేదు. షిఫ్టు బస్సు వస్తే తలెత్తలేదు. ఊర్లో ఆమె ఈడు ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పోయారు. పటాన్‌చెరు వచ్చి పన్నెండేళ్లయినా ఈ కాలనీలో ఎవరితోనూ మనసు కలవలేదు. ఇన్నేళ్లకు దొరికిన ఒక్క స్నేహితురాలిని రొట్టెలు పెట్టి పోగొట్టుకోబోతోంది. "ఆమె దిగిరాకపోతె నాకేం తోస్తది బిడ్డా" అంది. అమ్మ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

భయమేసినప్పుడు నాకు తెలిసిన పని ఒక్కటే, రిపోర్టు రాయడం. మా కంపెనీలో ఏదైనా తేడా జరిగితే మూలకారణం వెతకాలి. ఎంతమంది ఎన్ని రోజులు వెతికినా చివరికి దొరికే మూలకారణం ఆపరేటర్ పొరపాటే. నివారణ, ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ. పాత డైరీలో అలాగే రాశాను. ఆపరేటర్ మా అమ్మ. పొరపాటు, ఖాళీ కంచాన్ని చూసి ఊరుకోలేకపోవడం. శిక్షణ మంగళవారం నుంచి మొదలు.

మంగళవారం నేను కంచం ముందు కూచుని అన్నం మొత్తం తిన్నాను. అమ్మ ఎదురుగా కూచుని, కదలకుండా వంద దాకా అంకెలు లెక్కపెట్టాలి. పదకొండు దగ్గర గరిటె లేచింది. బుధవారం పదిహేడు దాకా వచ్చింది. గురువారం గరిటె దాచిపెట్టాను, చేత్తో పెట్టింది. శుక్రవారం చేతిని తొడ కింద పెట్టుకుని కూచోమన్నాను. వంద దాటింది. ఆమె ముఖం చూస్తే ఎవరో ఆమె కళ్లముందే ఇల్లు దోచుకుపోతున్నట్టుంది, కానీ దాటింది. ఈ నాలుగు రోజుల్లో నేను రెండు కిలోలు పెరిగాను. అది రిపోర్టులో రాయలేదు.

మీదికి పోయి పెద్దమ్మకూ శిక్షణ ఇచ్చాను. కంచంలో రెండు ముద్దలు వదిలేయండి, మా అమ్మ ఆగిపోతుంది అన్నాను. ఆమె వినయంగా తలూపింది. మాదిరికి ఒక బిస్కెట్ ఇచ్చి సగం వదలమన్నాను. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ మిగతా సగం కూడా తినేసింది. తను తిన్నట్టు ఆమెకే తెలియదు. సరే, ఇంకో దారి చెప్పాను. మా పల్లెల్లో తినడం అయిపోయిందంటే కంచంలోనే చెయ్యి కడుక్కుంటారు. ఒకసారి కంచంలో నీళ్లు పడ్డాయంటే ఇక బ్రహ్మదేవుడొచ్చినా వడ్డించడు. ఆఖరి ముద్ద తినగానే గ్లాసు ఎత్తి నీళ్లు వంపండి అన్నాను. ఇది ఆమెకు బాగా నచ్చింది. శనివారమంతా ప్రాక్టీసు చేసిందని మా హాలు పైకప్పుకు పడ్డ చెమ్మ చూసి తెలుసుకున్నాను.

ఆదివారం వచ్చింది. తోటకూర పప్పు, పచ్చిపులుసు, అన్నం. కోడి లేదు, రొట్టెలు లేవు. కూతురు చేతులు కట్టుకుని పెద్దమ్మ పక్కన కూచుంది. నేను ఎదురుగా. అమ్మ గరిటె పట్టే కుడిచేతిని తొడ కిందికి తోసి, దేవుడి ముందు కూచున్నట్టు కళ్లు దించుకుని కూచుంది.

పెద్దమ్మ తినడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే గబగబా. సగమైంది. ముప్పావు వంతయింది. అమ్మ పెదవులు అంకెలు లెక్కపెడుతున్నాయి. ఆఖరి ముద్ద నోట్లోకి పోయింది. పెద్దమ్మ చెయ్యి గ్లాసు మీదికి పోయింది. కంచం ఖాళీ. తెల్లటి స్టీలు కనిపించింది. నాకు ఒక్కటే తట్టలేదు, నేను శిక్షణ ఇచ్చింది కుడిచేతికి మాత్రమే.

అమ్మ ఎడమచెయ్యి దానంతటదే లేచి గరిటె అందుకుని గిన్నెలో ముంచింది. గ్లాసులోని నీళ్లూ, గరిటెడు అన్నమూ ఒకే క్షణంలో కంచంలో పడ్డాయి. పెద్దమ్మ వేళ్లు ఆ నీళ్లలోనే ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కూతురు కూడా నవ్వబోయింది. తర్వాత పెద్దమ్మ తల వంచుకుని ఆ చెయ్యి కడిగిన నీళ్లలో తేలుతున్న మెతుకులను ఒక్కొక్కటే ఏరి తినడం మొదలుపెట్టింది. వద్దని కూతురు చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకుంది. చివరి మెతుకు దాకా తిని, కంచం రెండు చేతులతో ఎత్తి ఆ నీళ్లు కూడా తాగేసింది. ఎవరికీ నవ్వు మిగల్లేదు.

కూతురు లేచి నిలబడింది. "ఇక చాలమ్మా, పోదాం పద" అంది.

అమ్మ గరిటె కింద పెట్టింది. తనంతట తాను పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. "అడుగు" అంది నాతో.

"ఏమడగాలె?"

"గా నీళ్లు ఎందుకు తాగిందో అడుగు. ఉన్నదున్నట్టు అడుగు. నువ్వు మధ్యల సక్కగ జెయ్యకు."

నా పౌడరు సంగతి అమ్మకు మొదటినుంచీ తెలుసన్నమాట. అడగొద్దని కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది. అయినా అడిగాను.

పెద్దమ్మ కొంగు లాంటి తన రుమాలుతో చెయ్యి తుడుచుకుని, కూతురిని కూచోమన్నట్టు చూసింది. తర్వాత నాతో కాదు, అమ్మతోనే మాట్లాడింది. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను.

"నాకు ఆరేళ్లు. గోడ లోపల ఉన్నాం. మా అమ్మ పొద్దున వెళ్లి రొట్టె తెచ్చేది. నీ అరచేతిలో సగం ఉండేది. దాన్ని రెండు ముక్కలు చేసి నాకొకటి, మా అమ్మమ్మకొకటి ఇచ్చేది. నీదేదని అడిగితే, వరుసలో నిలబడే నా ముక్క తినేశాను అనేది. రోజూ అదే మాట. చలికాలం గడవకముందే ఆమె చనిపోయింది. తర్వాత ఎవరో నన్ను గోడ అవతలికి దాటించి ఒక రైతు ఇంట్లో దాచారు. యుద్ధం అయిపోయాక అనాథాశ్రమంలో ప్లేటు నిండా పెట్టేవాళ్లు. నేను రొట్టెముక్కలు దిండు కింద దాచుకునేదాన్ని. బూజు పట్టినా పారేయనిచ్చేదాన్ని కాదు. మావాళ్లు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పెట్టాలి కదా. ఎవరూ రాలేదు. అప్పటినుంచి ప్లేటులో ఏది మిగిలినా, అది ఎవరో తాము తినకుండా నాకు పెట్టిందే అనిపిస్తుంది. వదిలేయలేను."

కూతురు తల్లి వైపు అట్లాగే చూస్తూ ఉంది. ఆమె కూడా ఈ మాటలు ఇప్పుడే వింటోంది.

"ఇంకొకటి" అంది పెద్దమ్మ. ఈసారి నా వైపు తిరిగింది. "నాలుగు నెలలుగా ఈ ఇంట్లో తింటున్నాను. మీ అమ్మ తినడం ఒక్కసారి కూడా చూడలేదు. నేను తింటున్నంతసేపూ గిన్నెల దగ్గరే ఉంటుంది. ఆమె తినదా అని నిన్ను ఎన్నోసార్లు అడిగాను. తిన్నదని చెబుతావు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. అందుకే తొందరగా తింటాను. నాది అయిపోతే కూచుని తన అన్నం తింటుందని. ఆమె ఇంకా పెడుతుంది. నేను ఇంకా తొందరగా తింటాను."

నా రిపోర్టులో మూలకారణం పూర్తిగా తప్పు. ఆపరేటరూ, నలభై కిలోల అతిథీ, ఇద్దరూ నాలుగు నెలలుగా ఒకరికొకరు అన్నం తినిపించాలని పోటీ పడుతున్నారు. మధ్యలో నేను వంటింటి వైపు తిరిగైనా చూడకుండా, "ఆమె తిన్నది" అని ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. మా ఇళ్లలో వడ్డించే మనిషి ఎప్పుడు తింటుందో ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. చెబుతుండగానే ఆమె చెయ్యి గాల్లో ఊపేసింది.

"నేను తిన్న అని చెప్పు."

మధ్యాహ్నం రెండవుతోంది. పొద్దున చాయ్ తప్ప ఆమె ఏమీ ముట్టలేదని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అమ్మ ముఖం చూసి అంది, "చెప్పొద్దు. నాకు అర్థమైంది. మా అమ్మ కూడా సరిగ్గా ఈ ముఖంతోనే చెప్పేది."

అది తెలుగులో విన్నాక అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మా అమ్మ గూడ అనేది" అంది చివరికి. "కరువుల దొర చేన్ల కలుపుకు పోయి, ఇంత జొన్న గటక తెచ్చి నాకు పోసేది. నువ్వు తాగవా అంటె చేన్లనే తాగిన బిడ్డా అనేది. నేను నమ్మిన."

నేను ఇంగ్లీషులో చెప్పాను. నున్నగా చేయడానికి అందులో ఏమీ లేదు.

"నేను కూడా నమ్మాను" అంది పెద్దమ్మ.

ఆమె తన కంచం చెంబులోని నీళ్లతో కడిగి, అమ్మ ముందుకు జరిపింది. గరిటె తీసుకుని అన్నం పెట్టింది. పప్పు వేసింది. కొంచెం నేల మీద కూడా పడింది. అమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. డెబ్బై ఆరేళ్లలో అతిథి ముందు కూచుని తినలేదు, అందులోనూ అతిథి చేత వడ్డించుకుని. కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడ వైపు సగం తిరిగి, దొంగతనంగా తింటున్నట్టు ముద్ద పెట్టుకుంది. సగం తిన్నదో లేదో పెద్దమ్మ ఇంకో గరిటె వేసింది. అమ్మ సాలు సాలని చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దమ్మకు ఆ మాట బాగా తెలుసు, అయినా వేళ్ల మీదుగానే పులుసు పోసింది. కూతురు అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, వచ్చే ఆదివారం ఎన్నింటికి రమ్మంటారని నన్ను అడిగింది. ఇక నుంచి నలుగురికీ ఒకేసారి కంచాలు పెట్టాలని, గరిటె గిన్నెలో ఉండాలని, ఎవరిది వాళ్లే వడ్డించుకోవాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు కానీ నోట్లో ముద్ద ఉండటంతో కాదనలేకపోయింది.

వాళ్లు మీదికి వెళ్లాక కూడా అమ్మ కంచం ముందే కూచుంది. ఆమె తినడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చిన్న ముద్దలు చేస్తుంది. ప్రతి ముద్దకూ ముందు ఒక క్షణం ఆగుతుంది, ఎవరైనా అడుగుతారేమో అన్నట్టు. నేను సంగారెడ్డిలో ఇంటర్ చదివేటప్పుడు నాయిన పనిచేసే ఫ్యాక్టరీ మూతబడి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నా కంచంలో అన్నం ఉండేది. తిన్నావా అమ్మా అని రోజూ అడిగేదాన్ని. తిన్న బిడ్డా అనేది. నేను తినేసి చదువుకునేదాన్ని.

"నాయిన పని బంద్ అయినప్పుడు" అని అడిగాను, "నువ్వు తింటుంటివా?"

అమ్మ చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, నా వైపు చూడకుండా చెప్పింది.

"అప్పుడప్పుడు."